కంప్యూటరు తన సర్వరు నెట్లు ఎంచుకొనును?

చెన్నైలో ప్రధాన కార్యాలయమును, హోసూరు, బరంపురములలో శాఖలును గల సంస్థ నొకదానిని ఊహింతము. ప్రతి యుదయము ఉద్యోగి కంప్యూటరు నెదుట కూర్చుండి తన పేరును, రహస్యపదమును నమోదు చేయును. అవి సరియైనవా కావా యని విచారించు సర్వరునకు డొమైన్ కంట్రోలర్ అని పేరు. మూడు ఊళ్లలోను ఇట్టి సర్వర్లున్నచో, ఏ కంప్యూటరు దేనిని ఆశ్రయించును? 2000 సంవత్సరమున విండోస్ 2000తో వెలువడిన యాక్టివ్ డైరెక్టరీ పద్ధతి ననుసరించి దీనిని పరిశీలింతము.

మొదట కంప్యూటరు డి.ఎన్.ఎస్. సర్వరు నడుగును. ఏ సేవ ఏ సర్వరునందు ఏ పోర్టున లభించునో తెలుపు ఎస్.ఆర్.వి. నమోదులు అచ్చట గలవు. ప్రతి నమోదునకు ప్రాధాన్యము, భారము అను రెండు సంఖ్యలుండును. ప్రాధాన్యసంఖ్య తక్కువగా నున్న సర్వరు ముందు వచ్చును. అది సమానమైనచో, భారము హెచ్చుగా గల సర్వరు హెచ్చు పర్యాయములు ఎన్నికగును.

పిమ్మట కంప్యూటరు ఆ జాబితాలోని సర్వర్లకు 389వ పోర్టు ద్వారా చిన్న ప్రశ్న పంపును. ముందుగా చెన్నై సర్వరు బదులిచ్చిన దనుకొందము. అది ప్రశ్న వచ్చిన ఐ.పి. చిరునామాను చూచి, ఏ సబ్‌నెట్ ఏ సైటునకు చెందునో తెలుపు పట్టికతో పోల్చును. 10.2తో మొదలగు చిరునామాలు హోసూరువని అందు వ్రాసియున్నచో, “నీవు హోసూరు సైటునకు చెందినదానవు, నేను నీకు సమీపమున లేను” అను భావముగల సమాధానము నిచ్చును. అంతట కంప్యూటరు హోసూరు సర్వర్ల జాబితానే మరల అడిగి, అందొకదానిని చేరును. సైటు పేరును గుర్తుంచుకొనును గనుక, మరునాడు నేరుగా అచ్చటనే వెదకును.

సైటులో సర్వరే లేనిచో, సైట్ల నడుమ లంకెలకు నిర్ణయించిన వ్యయసంఖ్యలను బట్టి, తక్కువ వ్యయముగల సైటులోని సర్వరు ఆ బాధ్యత వహించును.

ఇందు విద్యార్థులు గమనింపవలసినది ఒకటి గలదు. దగ్గర, దూరము అనునవి యంత్రము మైళ్లలో కొలిచినవి కావు. మనుష్యుడు పట్టికలో వ్రాసినవి. మేమెరిగిన యొక సంస్థ క్రొత్త శాఖను తెరచినది. సర్వరును గూడ అచ్చటనే నెలకొల్పిరి. కాని ఆ శాఖ సబ్‌నెట్‌ను పట్టికలో చేర్చుట మరచిరి. సైటు తెలియని కంప్యూటర్లు దొరికిన సర్వరు నెల్ల ఆశ్రయించెను. ప్రక్కగదిలో సర్వరుండగా, ఉద్యోగుల వివరములు దూరపు ఊరికి పోయి రావలసి వచ్చెను. ఉదయము పని మొదలగుట కాలస్యమగుచుండగా, పై వారు అచ్చటి గుమాస్తాను చేతకానివాడని నిందించిరి. సైటు తెలియని చిరునామాలను సర్వరు తన నెట్‌లాగన్ చిట్టాలో వ్రాయుచునే యున్నది, చదివినవారు లేరు. తుదకు మేము చిట్టా తెరచి చూచి, పట్టికలో ఒక్క పంక్తి చేర్చితిమి. ఆలస్యము తొలగెను, గుమాస్తాపై నింద గూడ తొలగెను.

మన పిల్లలలో పలువురు రేపు ఇట్టి కార్యాలయములలో పనిచేయుదురు. కంప్యూటరు మందగించినపుడు మనుష్యుని నిందింపక ముందు, ఆజ్ఞాపంక్తిలో “సెట్ లాగన్‌సర్వర్” అని ఆంగ్లాక్షరములలో వ్రాసి, ఏ సర్వరు పేరు కనబడునో చూడవలెను. క్రొత్త శాఖ తెరచిన దినముననే దాని సబ్‌నెట్‌ను పట్టికలో చేర్చవలెను. యంత్రమునకు మనము చెప్పని ఊరు తెలియదు.