మునిగిన ఓడను చూడబోయే ముత్తంగి మిత్రులకు

ముత్తంగి, పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి ఒక సంగతి కొట్టిన పిండి. పర్మిట్ రాయకుండా, మ్యాన్‌హోల్ దగ్గర మనిషిని నిలబెట్టకుండా ట్యాంకులోకి దిగరు. శ్రీకాకుళం జిల్లా బారువ తీరంలో మునిగి ఉన్న బ్రిటిష్ కాలపు ఓడ ఎస్ఎస్ చిల్కాను చూడాలని బయలుదేరేవారికి కూడా ఆ జాగ్రత్తే కావాలి. ఓడ లోపలి గదీ అలాంటి ట్యాంకే.

చేయవలసినవి

ముందు స్విమ్మింగ్ పూల్‌లో స్కూబా డైవింగ్ శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ పొందండి. ఓపెన్ వాటర్ స్థాయి సర్టిఫికెట్ 18 మీటర్ల లోతు వరకే. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారు డాక్టర్ అనుమతి లేనిదే దిగకూడదు. జలుబు చేస్తే ఆ రోజు ఒడ్డునే ఉండండి, చెవులు దెబ్బతింటాయి.

మీతో కలిసి దిగే జోడీని కనుచూపు మేర దాటనివ్వకండి. పాత ఓడలకు చేపల వలలు చిక్కుకుని ఉంటాయి కాబట్టి చిన్న కట్టర్ దగ్గర ఉంచుకోండి. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లకు మించకండి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి.

చేయకూడనివి

ఊపిరి బిగబట్టకండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. 10 మీటర్ల లోతులో పీడనం ఉపరితలం మీదకన్నా రెట్టింపు. అక్కడ నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు వ్యాకోచిస్తుంది, ఊపిరితిత్తులు చిరుగుతాయి. పైకి వస్తున్నంతసేపూ శ్వాస ఆడుతూనే ఉండాలి.

ప్రత్యేక శిక్షణ లేకుండా ఓడ లోపలికి వెళ్లకండి. కాళ్లకు తొడిగిన ఫిన్ ఒక్కసారి తగిలితే బురద లేచి దారి కనబడదు. నేరుగా పైకి తేలడానికి అక్కడ వీలుండదు.

తుప్పు ముక్క కూడా తీసుకురాకండి. మునిగిన ఓడ కొన్నిసార్లు సమాధి కూడా. 1971 డిసెంబరులో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని సినిమాగా చూశాం. దాని సిబ్బందికి అదే సమాధి. అలాంటి చోట్లు విహారానికి కావు.

వరుసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకండి, ఒక్క డైవ్‌కైతే 12. అరకు కూడా అదే రోజు వద్దు, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు అది. ఎత్తుకు వెళ్తే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలుగా మారుతుంది.

తిరిగొచ్చాక కీళ్ల నొప్పి, తిమ్మిరి, తల తిరగడం మొదలైతే అలసట అనుకుని పడుకోకండి. ఆక్సిజన్ పెట్టించండి, 108కి ఫోన్ చేయండి, డైవింగ్ చేసి వచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.