ఆటకు ముందు ఆట: సన్నాహక మ్యాచ్‌లో కోచ్ ఏమి చూస్తాడు?



పదో తరగతిలో పబ్లిక్ పరీక్షలకు ముందు మనమందరం ప్రీ ఫైనల్ పరీక్షలు రాస్తాం. ఆ మార్కులు సర్టిఫికెట్ మీద రావు. అయినా మాస్టార్లు ఆ పేపర్లను శ్రద్ధగా దిద్దుతారు. ఎవరికి లెక్కల్లో ఏ అధ్యాయం రాలేదో, ఎవరికి టైము సరిపోవడం లేదో వాటిలోనే తెలుస్తుంది. ఫుట్‌బాల్‌లో సన్నాహక మ్యాచ్‌లు కూడా ఇటువంటివే. వాటికి పాయింట్లు ఉండవు. గెలిచినా పట్టికలో స్థానం మారదు. మరి కోచ్‌లు వాటిని ఎందుకు ఆడిస్తారు, ఆడేటప్పుడు ఏమి గమనిస్తారు, మన హాస్టల్ జట్టు ఎంపికకు ఆ పద్ధతి ఎలా పనికివస్తుంది అనే విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

సన్నాహక మ్యాచ్ అంటే ఏమిటి?

లీగ్ పోటీలు మొదలయ్యే ముందు కొన్ని వారాల పాటు జట్లు శిక్షణ తీసుకుంటాయి. ఆ వారాల్లో ఇతర జట్లతో ఆడే స్నేహపూర్వక మ్యాచ్‌లనే సన్నాహక మ్యాచ్‌లు అంటారు. ఐరోపాలో చాలా లీగ్‌లు ఆగస్టులో మొదలవుతాయి కాబట్టి అక్కడి క్లబ్బులు జూలైలో ఇవి ఆడతాయి.

వీటికి నియమాలలో కూడా వెసులుబాటు ఉంది. ఇప్పుడు పెద్ద పోటీలలో ఒక జట్టు సాధారణంగా అయిదుగురు ఆటగాళ్ళను మాత్రమే మార్చగలదు. క్లబ్బుల స్నేహపూర్వక మ్యాచ్‌లో అయితే రెండు జట్లూ ముందే ఒప్పుకుని, ఆట మొదలయ్యే లోపు రిఫరీకి చెబితే అంతకంటే ఎక్కువ మందిని మార్చుకోవచ్చు. అందువల్ల మొదటి సగంలో ఒక పదకొండు మందిని, రెండో సగంలో పూర్తిగా మరో పదకొండు మందిని ఆడించడం మామూలే.

పేరాలలో మగ్గం చప్పుడు వింటూ పెరిగిన వాళ్ళకు ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. పడుగు ఎక్కించిన తర్వాత నేతగాడు ఒక్కసారిగా చీరంతా నేయడు. మొదట కొంచెం నేసి చూస్తాడు. పోగు ఎక్కడ తెగుతోంది, అంచు సరిగా వస్తోందా అని పరిశీలించి, లోపం ఉంటే అక్కడే సరిచేస్తాడు. సగం చీర నేసిన తర్వాత లోపం తెలిస్తే నష్టం పెద్దది.

కోచ్ గమనించే అయిదు విషయాలు

1. దమ్ము: సెలవుల తర్వాత వచ్చిన ఆటగాడు ఒకేసారి 90 నిమిషాలు ఆడలేడు, ఆడించకూడదు కూడా. మొదటి మ్యాచ్‌లో అరగంటో, నలభై అయిదు నిమిషాలో ఆడిస్తారు. తర్వాత గంట, ఆ తర్వాత పూర్తి మ్యాచ్. ఇలా మెల్లగా పెంచుతారు. చివరి పావుగంటలో ఎవరు నడుస్తున్నారు, ఎవరు పరుగెడుతున్నారు అన్నది కోచ్ చూసే మొదటి లెక్క.

2. స్థానం: ఒక కుర్రవాడు ఎప్పుడూ కుడివైపు ఆడుతుంటాడు. ఎడమవైపు ఆడగలడా? ఫార్వర్డ్‌ను వెనక్కి జరిపితే ఆట పాడవుతుందా, బాగుపడుతుందా? లీగ్ మ్యాచ్‌లో ఈ ప్రయోగం చేస్తే పాయింట్లు పోవచ్చు. సన్నాహక మ్యాచ్‌లో చేస్తే పోయేది ఏమీ లేదు.

3. జత: ఒక్కొక్కరుగా బాగా ఆడే ఇద్దరు డిఫెండర్లు పక్కపక్కన నిలబడితే తడబడవచ్చు. బంతి కోసం ఇద్దరూ పరుగెత్తి వెనక ఖాళీ వదిలేస్తారు. లేదా నువ్వు పోతావని నేను, నేను పోతానని నువ్వు అనుకుని ఇద్దరూ ఆగిపోతారు. కాబట్టి కోచ్ ఆటగాళ్ళనే కాక జతలను కూడా పరీక్షిస్తాడు.

4. వ్యూహం: నలుగురు డిఫెండర్లతో ఆడాలా, ముగ్గురితోనా? ఎదుటి జట్టు గోల్ దగ్గరే బంతి కోసం మీద పడాలా, సగం మైదానం వరకు వెనక్కి వచ్చి కాచుకోవాలా? కార్నర్ కిక్ వచ్చినప్పుడు ఎవరు ఎవరిని పట్టుకోవాలి? నల్లబోర్డు మీద గీసినప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. ఎదురుగా పదకొండు మంది నిలబడినప్పుడే ఆ గీతల బలం తెలుస్తుంది.

5. మనస్తత్వం: బంతి పోగొట్టుకున్న తర్వాత ఆటగాడు చేసేది కోచ్‌కు చాలా ముఖ్యం. తల పట్టుకుని నిలబడ్డాడా, వెంటనే వెనక్కి పరుగెత్తాడా? పాస్ ఇవ్వని వాడిని తిట్టాడా? బయట కూర్చోబెడితే ఆట చూస్తున్నాడా, ముఖం తిప్పుకున్నాడా?

ప్రత్యర్థుల ఎంపికలో కూడా ఒక క్రమం ఉంటుంది. చాలామంది కోచ్‌లు ముందు బలహీనమైన జట్టుతో, తర్వాత సమానమైన జట్టుతో, చివరగా తమకంటే గట్టి జట్టుతో ఆడిస్తారు. బలహీనమైన జట్టు మీద ఎనిమిది గోల్స్ కొడితే ఫార్వర్డ్‌లకు ధైర్యం వస్తుంది కాని డిఫెన్స్ సంగతి తెలియదు. గట్టి జట్టు చేతిలో ఓడితే లోపాలన్నీ బయటపడతాయి. అందుకే ఆ ఓటమి కోచ్‌కు ఒక్కోసారి గెలుపు కన్నా ఎక్కువ పనికివస్తుంది.

మన రహీం సాబ్ పద్ధతి

ఈ విద్యలో ప్రపంచం చెప్పుకోదగిన గురువు మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో జన్మించారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చి, 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిపించారు. భారత జట్టుకు కూడా కోచ్‌గా ఉన్నారు. ఆయన జీవితం ఆధారంగా 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది.

రహీం సాబ్ హైదరాబాద్‌లో కొన్ని వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. మరొక దానిలో బంతిని ఒక్క టచ్‌తోనే పంపాలి. ఇంకొక దానిలో బలహీనమైన కాలితోనే ఆడాలి. చూసేవాళ్ళకు ఇవి సరదాగా ఉండవచ్చు. కాని ప్రతి పోటీ వెనుక ఒక ప్రశ్న ఉంది. డ్రిబ్లింగ్ తీసేస్తే ఎవరికి పాస్ ఇవ్వడం వచ్చో తెలుస్తుంది. ఒక్క టచ్ అంటే బంతి రాకముందే ఎవరు ఆలోచిస్తున్నారో తెలుస్తుంది. ఎడమకాలి పోటీలో కుడికాలి మీదే బతికేవాడు బయటపడతాడు. అంటే ఆయన మ్యాచ్‌ను ఒక ప్రశ్నపత్రంగా తయారుచేశారన్న మాట.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 1-10తో ఓడింది. మనవాళ్ళలో ఎక్కువమంది ఉత్త కాళ్ళతో ఆడారు. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది హంగేరీ. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి జరిపి ఆడే ఆ జట్టు పద్ధతిని రహీం తన జట్లలో ప్రయోగించారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు.

ఆటగాడిని ముందుగా తెలుసుకోవడం వల్ల వచ్చే ఫలితానికి 1962 జకార్తా ఆసియా క్రీడలే సాక్ష్యం. మొదటి మ్యాచ్‌లో భారత్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. థాయ్‌లాండ్‌తో ఆడేటప్పుడు డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతడు ఒకప్పుడు ఫార్వర్డ్‌గా ఆడినవాడే. ఆ సంగతి ఎరిగిన రహీం సెమీఫైనల్‌లో అతడిని తలకు కట్టుతోనే సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో అతడు ఒక గోల్ చేశాడు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో అదే కొరియాను 2-1తో ఓడించి మనం స్వర్ణం గెలిచాం. గోల్స్ చేసింది పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. ఫైనల్‌లో గోల్‌కీపర్‌ను కూడా మార్చి, హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్‌ను నిలబెట్టారు. ఇవి అదృష్టం మీద వేసిన ఎత్తులు కావు. ఎవరు ఎక్కడ పనికివస్తారో ముందే ఎరిగిన మనిషి వేసిన ఎత్తులు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం సాబ్ 1963 జూన్‌లో కన్నుమూశారు.

నేటి కాలంలో

1888లో మొదలైన డ్యూరాండ్ కప్ ఆసియాలోనే పాత ఫుట్‌బాల్ టోర్నమెంటు. ఇటీవలి సంవత్సరాలలో ఇండియన్ సూపర్ లీగ్ సీజన్‌కు ముందు దీనిని జరుపుతూ వచ్చారు. 2022లో లీగ్‌లోని 11 క్లబ్బులూ ఇందులో ఆడాయి. కప్పు కప్పే అయినా, కోచ్‌లకు అది కొత్త కుర్రాళ్ళను పరీక్షించే చోటు కూడా.

ఈ మ్యాచ్‌లలో ప్రమాదం కూడా ఉంది. 2014 ప్రపంచ కప్‌కు బయలుదేరే ముందు జర్మనీ ఆర్మేనియాతో ఆడి 6-1తో గెలిచింది. కాని ఆ మ్యాచ్‌లోనే మార్కో రూస్ చీలమండ దెబ్బతిని ప్రపంచ కప్‌కు దూరమయ్యాడు. అందుకే తెలివైన కోచ్ తెలుసుకోవలసింది తెలుసుకోగానే ఆటగాడిని బయటకు పిలుస్తాడు.

మన హాస్టల్ జట్టుకు ఇది ఎలా వర్తిస్తుంది?

మనకు జూలై టూర్లు లేవు. నాలుగు గంటలకు బడి వదిలాక చీకటి పడేలోపు ఉన్న సమయమే మన సీజన్. అయినా ఎంపిక అన్నది మనకు చిన్న విషయం కాదు. నోటీసు బోర్డు మీద పేరు ఉండటం, లేకపోవడం ఒక పిల్లవాడికి ఆ ఏడాదంతా గుర్తుంటుంది. ట్రయల్ పెట్టకముందే జాబితా తయారైన పోటీలను మేము చూశాం. చివరి అయిదు నిమిషాలు ఆడించి "చూశాంలే" అన్న సందర్భాలనూ చూశాం. ఆ అయిదు నిమిషాలలో బంతి ఒక్కసారి కూడా కాలికి తగలకపోవచ్చు. అది పరీక్ష కాదు, కాగితం ఇవ్వకుండా మార్కులు వేయడం.

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ నుంచి వచ్చిన పేద కుర్రవాడు తులసీదాస్ బలరాం. హైదరాబాద్ వచ్చి ప్రాక్టీసు చేయడానికి సైకిల్ లేదంటే, అద్దె సైకిల్ కోసం రహీం సాబ్ రోజుకు రూపాయి ఇచ్చారని బలరాం చెప్పుకునేవారు. ఆ కుర్రవాడే 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు. జకార్తా స్వర్ణ జట్టులోనూ ఉన్నాడు. రూపాయి లేని కారణంగా మైదానానికి రాలేని వాడిని ఏ కోచ్ పరీక్షించగలడు? కాబట్టి ఎంపికలో మొదటి మెట్టు అందరినీ మైదానం దాకా రప్పించడం.

దీన్ని దృష్టిలో పెట్టుకుని మేము ఈ సూచనలు చేస్తున్నాం.

1. జాబితాకు ముందు కనీసం రెండు ట్రయల్ మ్యాచ్‌లు జరగాలి. ప్రతి ఒక్కరికీ కనీసం అరగంట, అందులో కొంతసేపైనా అతడు కోరుకున్న స్థానంలో అవకాశం ఇవ్వాలి.

2. బూట్లు ఉన్నవాళ్ళు కొందరు, లేనివాళ్ళు కొందరు కలిసి ఆడితే పోలిక సరికాదు. ఉన్న జతలను వంతులవారీగా వాడాలి, లేదా ట్రయల్‌లో అందరూ ఉత్త కాళ్ళతో ఆడాలి.

3. ప్రతి ట్రయల్‌కు ఒక ప్రశ్న పెట్టుకోవాలి. ఈ రోజు పాసింగ్, రేపు డిఫెన్స్. అన్నీ ఒకేసారి చూడబోతే ఏదీ కనబడదు.

4. ఆడని ఇద్దరు పుస్తకంలో రాయాలి. ఎన్ని పాస్‌లు సరిగా వెళ్ళాయి, బంతి పోయాక ఎన్నిసార్లు వెనక్కి పరుగెత్తాడు. గోల్స్ మాత్రమే రాస్తే డిఫెండర్‌కు సున్నాయే మిగులుతుంది.

5. ఎంపిక కాని వాడికి కారణం నెమ్మదిగా, విడిగా చెప్పాలి. "నీ ఎడమకాలు బలపడాలి" అంటే వాడికి రేపటి పని దొరికినట్టే. ఏమీ చెప్పకపోతే వాడు ఆటే మానేస్తాడు.

పూర్వ విద్యార్థులైన అన్నయ్యలకు ఒక మనవి. సెలవులకు పేరాల వచ్చినప్పుడు ఒక సాయంత్రం పదకొండు మంది కలిసి మా జట్టుతో ఆడండి. మాకంటే గట్టి జట్టు మాకు కావాలి. మీరు గెలిచినా మాకు సంతోషమే, మా లోపాలను ఆ పుస్తకంలో మేము రాసుకుంటాం.