మోకాలు నయమైంది, దమ్ము ఏమైంది?

"సార్, మోకాలు మంచిగైంది. దమ్మే నిలుస్తలేదు."

కాచిగూడలోని మా బడిలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి నాతో అన్న మాట ఇది. కబడ్డీ జట్టులో కూతకు వెళ్లే పిల్ల. ఆటలో పడి మోకాలి లోపలి లిగమెంటు తెగింది. శస్త్రచికిత్స అయింది. నాలుగు నెలల తర్వాత వేగంగా నడవడానికి, సైకిలు తొక్కడానికి డాక్టరు అనుమతి ఇచ్చారు. మైదానం చుట్టూ నాలుగుసార్లు నడిచివచ్చి కూత పెట్టమన్నాను. గడియారం చూస్తూ నిలుచున్నాను. తొమ్మిది సెకండ్లకే ఆగిపోయింది. కబడ్డీలో కూతకు వెళ్లినవారికి ఉండే గడువు 30 సెకండ్లని మీకు తెలుసు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

దెబ్బ తగిలింది కాలికి కదా! మరి ఊపిరికి ఏమైంది?

1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష చేశారు. ఇరవై ఏళ్ల వయసున్న అయిదుగురు ఆరోగ్యవంతులైన యువకుల్ని మూడు వారాలపాటు మంచం దిగకుండా పడుకోబెట్టారు. లేచాక చూస్తే, శరీరం నిమిషానికి గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ నాలుగో వంతుకు పైగా పడిపోయింది! గుండె ఒక్కో కొట్టుకు పంపే రక్తం తగ్గిపోవడమే అందుకు ముఖ్య కారణం. ఆ తర్వాత వ్యాయామం చేయిస్తే పోయినదంతా తిరిగి వచ్చింది. మరో విచిత్రం వినండి. ముప్ఫై ఏళ్ల తర్వాత అదే అయిదుగురిని మళ్లీ పరీక్షించారు. ముప్ఫై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. యాభై దాటిన నాకు ఈ సంగతి చదివినప్పుడు కొంత ధైర్యం, కొంత భయం కలిగాయి.

మన ఊరి ఉదాహరణ ఒకటి చెబుతాను. కాచిగూడ నుంచి కోఠీ, ఆబిడ్స్ మీదుగా వెళితే ఫతే మైదాన్ వస్తుంది. అదే లాల్ బహదూర్ స్టేడియం. అక్కడ ఆరిఫ్ గారి దగ్గర బ్యాడ్మింటన్ నేర్చుకున్న పుల్లెల గోపీచంద్‌కు 1994లో, జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా, మోకాలి లిగమెంటు తెగింది. ఇక ఆట అయిపోయిందని చాలామంది అనుకున్నారు. 1996లో ఆయన జాతీయ ఛాంపియన్ అయ్యారు. 2001 మార్చిలో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. 1980లో ప్రకాశ్ పదుకోనె తర్వాత ఆ విజయం సాధించిన భారతీయుడు ఆయనే. నేను కింద చెప్పబోయే పరికరాన్ని ఆయన వాడారని అనడం లేదు. తెగిన మోకాలు అతుక్కోవడం వేరు, ఆటగాడు మళ్లీ ఆటగాడు కావడం వేరు అని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఇప్పుడు పుస్తకం పక్కన పెట్టి వెల్లకిలా పడుకోండి. పొట్టమీద ఒక అగ్గిపెట్టె ఉంచుకోండి. గాలి పీల్చగానే పెట్టె పైకి లేస్తుంది. గాలి పొట్టలోకి పోయిందా? లేదు. ఊపిరితిత్తుల కింద గొడుగులా వంగి ఉన్న ఉదర వితానం అనే కండరం సంకోచించి కిందికి దిగింది. అది నొక్కగానే పొట్ట పైకి ఉబికింది. ఇక లేచి కూర్చుని రెండు అరచేతులూ పక్కటెముకల మీద ఆనించి గట్టిగా పీల్చండి. ఎముకలు పక్కలకు, పైకి లేస్తాయి, బకెట్ పిడిని పైకెత్తినట్టు. ఇది పక్కటెముకల మధ్యనున్న కండరాల పని. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును గాలి పీల్చి తెంచేవారని మీ తాతయ్యలు చెప్పే ఉంటారు. ఆ బలం ఊపిరితిత్తులది కాదు. వాటిలో ఎముకల్ని కదిలించే కండరం లేనే లేదు. బలమంతా చుట్టూ ఉన్న ఈ కండరాలదే.

కూర్చున్నప్పుడు మనం ఒక్కో శ్వాసకు దాదాపు అర లీటరు చొప్పున, నిమిషానికి ఏడెనిమిది లీటర్ల గాలి పీలుస్తాం. బాగా పరుగెత్తే క్రీడాకారుడికి ఇది 100 లీటర్లు దాటుతుంది. పెద్ద బిందెలతో కొలిస్తే ఏడెనిమిది బిందెలు! అంత గాలిని లాగే కండరాలకు కూడా రక్తం కావాలి కదా. 1990ల చివర అమెరికాలో డెంప్సీ, హార్మ్స్ అనే శాస్త్రజ్ఞులు సైకిల్ క్రీడాకారుల మీద పరీక్షలు చేసి, గరిష్ఠ శ్రమలో గుండె పంపే రక్తంలో 14 నుంచి 16 శాతం శ్వాస కండరాలకే పోతోందని కనుక్కున్నారు. అవి అలసిపోతే నాడులు కాళ్ల రక్తనాళాలను కొంత బిగించి, రక్తాన్ని అటు మళ్లిస్తాయి. ఎండాకాలంలో పక్కింటివారు మోటారు వేయగానే మన కుళాయి సన్నబడుతుంది చూడండి, అచ్చం అలాగే. అప్పటికే బలహీనపడిన కాలికి రక్తం కూడా తగ్గితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఉదర వితానానికి ఇంకో ఉద్యోగం కూడా ఉంది. మీరు చెయ్యిని చటుక్కున పైకెత్తితే, చెయ్యి లేవకముందే అది బిగుసుకుని నడుమును నిలబెడుతుంది. ఆస్ట్రేలియాలో హాడ్జెస్, ఆయన సహచరులు 1997లో దీన్ని చూపించారు. అందువల్లే నడుము నొప్పి ఉన్న ఆటగాళ్లకు కూడా ఫిజియోథెరపిస్టులు శ్వాస నేర్పుతుంటారు.

చేతి కండరాన్ని డంబెల్‌తో పెంచినట్టు ఈ కండరాలనూ పెంచవచ్చా? పెంచవచ్చని 1976లో లీత్, బ్రాడ్లీ అనేవారు నిరూపించారు. ఇప్పుడు వాడే పరికరం అరచేతిలో ఇమిడిపోతుంది. నోట పెట్టుకునే గొట్టం, లోపల స్ప్రింగుతో మూసుకునే కవాటం, అంతే. స్ప్రింగును ఎంత బిగిస్తే అంత గట్టిగా పీల్చితేగాని కవాటం తెరుచుకోదు. వదిలేటప్పుడు మాత్రం అడ్డు లేదు. ముందు మనిషి గరిష్ఠ బలాన్ని కొలిచి, అందులో సగానికి స్ప్రింగు బిగిస్తారు. పూటకు 30 శ్వాసలు, రోజుకు రెండు పూటలు. కాలు కట్టులో ఉన్నా కుర్చీలో కూర్చుని చేయవచ్చు. గాయపడ్డవారికి ఇది అనుకూలం కావడానికి అసలు కారణం అదే. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయితే మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి ఊదమన్నారనుకుంటారు. ఊదడం కాదు, పీల్చాలి! అయితే అది ఊపిరితిత్తుల్లోని చిన్న గదులు ముడుచుకుపోకుండా చూసేందుకు. కండరానికి బరువు మోయించే పని దానిది కాదు.

ఈ సాధన తెగిన లిగమెంటును అతికించదు. ఊపిరితిత్తుల్ని పెద్దవి చేయదు. గుండె సామర్థ్యం పెరగడానికి సైకిలు, నడక, ఈత ఉండవలసిందే. బజారులో కొండలమీది గాలిని పోలి ఉంటుందంటూ ముఖానికి కట్టుకునే మాస్కులు అమ్ముతున్నారు. వాటిని కట్టుకుంటే పీల్చడం కష్టమవుతుందేగాని గాలి పీడనం తగ్గదు. డబ్బు దండగ.

శ్వాస కండరాల బలం తరగతిలోనే కొలవవచ్చు. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన గొట్టం కొత్తది, రెండు మీటర్లు తెప్పించండి. కడిగి, ఒక కొన రూహ్ అఫ్జా కలిపిన నీళ్ల గిన్నెలో ఉంచండి. రెండో కొన నోట పెట్టుకుని మెట్లమీద నిలబడి, ఛాతీతో ఒక్కసారి పీల్చి, రెండు సెకండ్లు నిలపండి. నీరు ఎంత ఎత్తుకు లేచిందో స్కేలుతో కొలవండి. పెద్దవారికి ఒక మీటరు దరిదాపుల్లో వస్తుంది. నీటిని మీరు లాగలేదు, బయటి గాలి నెట్టింది! గాలి 10 మీటర్ల నీటిని నిలపగలదని చదువుకున్నారు కదా, అందులో మీ వాటా పదో వంతు. బుగ్గలు, నాలుకతో లాగితే ఇంకా పైకి వస్తుంది. అది మోసం, లెక్కలోకి రాదు. ఉబ్బసం ఉన్నవారు ఈ పరీక్ష చేయకండి. కళ్లు తిరిగితే వెంటనే ఆపండి. టీచరు దగ్గర లేకుండా చేయవద్దు.

మా అమ్మాయి మొదటిరోజు 62 సెంటీమీటర్లు లాగింది. ఫిజియోథెరపిస్టు పరికరం ఇచ్చి, ఎలా చేయాలో నేర్పారు. ఎనిమిది వారాలకు 81 వచ్చింది. అదే నాలుగు చుట్ల నడక తర్వాత కూత 17 సెకండ్లు నిలిచింది. ఆ రోజుల్లోనే సైకిలు కూడా తొక్కింది కాబట్టి ఇందులో పరికరం వాటా ఎంత, సైకిలు వాటా ఎంత అని తేల్చలేం. ఒక్క మనిషిమీద చేసిన పరీక్షతో రుజువు కాదని తనకే చెప్పాను. "అయితే ఇంకో ఇద్దరిని పట్టుకొస్త సార్" అంది. ఆ గొట్టం ఇప్పుడు మా సైన్సు గది మెట్ల పక్కన వేలాడుతోంది. ఖోఖో జట్టువాళ్లు కూడా వరుసలో నిలబడుతున్నారు.