ఛాయాచిత్రమునకు కటకములెన్ని కావలెను?

కటకమనగానే మన గంజాం ప్రాంతమువారికి ముందుగా స్ఫురించునది మహానదీ తీరమందలి కటకము పట్టణము. మేమిచ్చట చెప్పబోవునది ఆ కటకమును గూర్చి కాదు. కెమెరాకు ముందువైపున బిగించు గాజు కటకమును గూర్చి. వాడుకలో దీనినే లెన్సు అందురు. మా వద్దకు వచ్చు తలిదండ్రులలో కొందరు ఇటీవల ఒకే తీరు ప్రశ్న వేయుచున్నారు. "మావాడికి కెమెరా కొనిచ్చాం మాస్టారూ. దాంతో వచ్చిన లెన్సు చాలదన్నాడు, ఇంకోటి కొన్నాం. ఇప్పుడు మూడోది కావాలంటున్నాడు. ఇది చదువా, వ్యసనమా?" అని.

ప్రశ్న న్యాయమైనది. కెమెరాకు ఒకసారి డబ్బిచ్చి ఊరకొనవచ్చును గాని, కటకముల ధర కూడి కూడి కెమెరా ధరను మించిపోవుట కలదు. నెలజీతముపైనో, చిన్న దుకాణముపైనో, మగ్గముపైనో సాగు సంసారములకు ఇది అల్పవిషయము కాదు. పిల్లవాడు చెప్పు అంకెలు పెద్దలకు బోధపడవు. అందుచే "వాడికి తెలుసు కదా" యని కొందరు అడిగినంత యిచ్చుచున్నారు. "అంతా దుబారా" యని మరికొందరు కెమెరానే లాగికొని బీరువాలో పెట్టి తాళము వేయుచున్నారు. రెండును సరికావని మా తలంపు. ఆ అంకెల అర్థము తెలిసినచో ఏది అవసరమో, ఏది కోరికయో తలిదండ్రులే తేల్చుకొనగలరు. కావున ముందు కొంత పాఠము.

ఇంటిలోని పెద్దవారి చత్వారపు కండ్లజోడు తీసికొనుడు. పగటివేళ కిటికీకెదురుగానున్న గోడ దగ్గర ఆ అద్దమును పట్టి మెల్లగా ముందుకు, వెనుకకు జరిపినచో, ఒకచోట బయటి చెట్టు, ఎదురింటి డాబా, తలక్రిందులుగా గోడపై స్పష్టముగా పడును. అప్పుడు అద్దమునకును గోడకును నడుమనున్న దూరము నాభ్యంతరము. రెండు పవరు అద్దమునకు అది అర మీటరు. నాలుగు పవరు అద్దమునకు పావు మీటరు. కెమెరా కటకము చేయునదియు ఈ పనియే. గోడకు బదులు లోపల కాంతిని గ్రహించు చిన్న పలక యుండును, అంతే.

ఆ పలక పెద్దరకము కెమెరాలలో 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గలిగి యుండును. దాని కర్ణము సుమారు 43 మిల్లీమీటర్లు. కటకపు నాభ్యంతరము ఈ కర్ణమునకు దగ్గరగా నున్నప్పుడు చిత్రము మన చూపునకు సహజముగా తోచును. అందుచేతనే 50 మిల్లీమీటర్ల దానిని సాధారణ కటకమనిరి. అది సుమారు 47 డిగ్రీల మేర చూపును. 24 మిల్లీమీటర్లది 84 డిగ్రీలు చూపును. 200 మిల్లీమీటర్లది 12 డిగ్రీలు మాత్రమే చూపి, ఆ కొద్దిమేరనే పెద్దదిగా చేయును. విద్యార్థులు కొను కెమెరాలలో పలక సాధారణముగా ఇంతకంటె చిన్నది. కాబట్టి కటకముపై వ్రాసిన అంకెను సుమారు ఒకటిన్నరతో గుణించి చూచుకొనవలెను. కెమెరాతోపాటు పెట్టెలో వచ్చు 18–55 కటకము ఈ లెక్కన 27 మొదలు 82 వరకు పనిచేయును. ఇంటి ముంగిలి, తరగతిగది, ఠాకురాణీ యాత్రలోని వేషములు, గోపాలపురపు ఒడ్డున పడవలు, అమ్మమ్మ ముఖము, ఇవన్నియు ఆ హద్దులోనివే. అనగా పిల్లవాడు "చాలదు" అనుచున్న కటకము, చాలని పనికంటె చాలిన పనియే ఎక్కువ గలది.

యాత్రలో వేషగానికి నాలుగడుగుల దూరమున నిలిచి తీసిన చిత్రమునకును, వీధి చివరనుండి పెద్ద కటకముతో తీసిన చిత్రమునకును పోలిక యుండదు. దగ్గరనుండి తీసినదానిలో ముఖము ముందుకు వచ్చును, వెనుకనున్న జనము చిన్నదగును; దూరమునుండి తీసినదానిలో అందరును ఒకరిపై నొకరు ఒరిగినట్లుందురు. ఇది కటకపు మహిమ యని పిల్లలనుకొందురు. కాదు, అది మనము నిలిచిన తావునుబట్టి వచ్చు భేదము. తావు మార్చుటకు ఖర్చు లేదు.

ఇక రెండవ అంకె. 1.8, 1.4 అని కటకపు అంచున వ్రాసియుండును. నాభ్యంతరమును ఆ అంకెతో భాగించినచో కాంతి లోనికి వచ్చు ద్వారపు వ్యాసము వచ్చును. 50ని 1.8తో భాగించిన సుమారు 28 మిల్లీమీటర్లు, 1.4తో భాగించిన సుమారు 36. ద్వారము పెద్దదైన కొలది మసక వెలుతురునందు చిత్రము తీయుట సులువు. వెనుకటి దృశ్యము మెత్తగా అలికినట్లగును. మొదటిదానికంటె రెండవదానిలో కాంతి సుమారు 1.65 రెట్లు వచ్చును. సెకనులో 60వ వంతు కాలము పట్టు చిత్రము 100వ వంతులో ముగియును. లాభము నిజమే, కాని దానికై ఇచ్చు ధర మాత్రము పలురెట్లు పెరుగును. 200 మిల్లీమీటర్ల కటకమునకు 2 అను అంకె కావలెనన్నచో ముందుటి గాజు 100 మిల్లీమీటర్ల వెడల్పు గలది కావలెను. అట్టి గాజును దోషము లేకుండ సానపట్టుట యెంత కష్టమో, మోయుటయు నంత కష్టము. కటకముల ధరలు మెట్లవలె గాక గోడవలె నిట్టనిలువుగా లేచుటకు ఇది ముఖ్యకారణము.

చిన్న కెమెరాలలో ఈ కోరికకు తావు మొదట లేదు. జర్మనీ దేశమున ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా కెమెరా 1925లో అంగడికి వచ్చినప్పుడు దానికి ఒకే 50 మిల్లీమీటర్ల కటకము. ఊడదీయుటకు వీలు లేదు. 1930లో మరచుట్టు వేసి కటకములు మార్చు వీలు కల్పించిరి. ఎంతో ఉపకారము చేసిన మరయే. దానివెంటనే సంచి నింపుకొను అలవాటునకును తలుపు తెరచుకొన్నది. లైకా కెమెరాను చేతబట్టి ప్రపంచము తిరిగిన ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే బ్రెస్సన్ తన జీవితకాలమున ఎక్కువ భాగము ఆ 50 మిల్లీమీటర్ల కటకముతోనే పనిచేసెను. 1948 జనవరిలో గాంధీమహాత్ముని కడపటి దినములను, అంత్యయాత్రను లోకమునకు చూపిన చిత్రములు ఆయనవి. మన తెలుగువారు 1957 నాటి 'మాయాబజారు'లో మార్కస్ బార్ట్లీ చూపిన వెన్నెలను నేటికిని చెప్పుకొందురు. ఆ పేరు కాంతిని అమర్చిన నేర్పువలన వచ్చినది.

మరి పనిముట్టు చాలియుండగా ఇంకొకటి కావలెనను ఆరాటమేల? దీనికి పాశ్చాత్యులు గేర్ ఎక్విజిషన్ సిండ్రోమ్ అని పేరు పెట్టిరి. ఇది వైద్యులు గుర్తించిన రోగము కాదు. గిటారు వాయించువారి పరిహాసమునుండి ఛాయాగ్రాహకులకు సంక్రమించిన మాట. కాని విషయము చాల పాతది. ఫ్రెంచి రచయిత డిడరో 1769లో ఒక చిన్న వ్యాసము వ్రాసెను. ఆయనకు క్రొత్తగా ఎర్రని అందమైన అంగీ యొకటి వచ్చినది. దాని ప్రక్కన పాత బల్ల వెలవెలబోయినది. బల్ల మార్చిన పిదప కుర్చీ, కుర్చీ తరువాత గోడనున్న పటములు. కడకు పాత అంగీని పారవేసితినే యని ఆయన వగచెను. 1988లో గ్రాంట్ మెక్రాకెన్ అను విద్వాంసుడు ఈ గొలుసునకు డిడరో పేరే పెట్టెను. బరంపురమువారికి ఇది ఫ్రాన్సునుండి రానక్కరలేదు. పట్టుచీర కొన్న పిదప రవికె, దానికి తగిన గొలుసు, గొలుసునకు తగిన పెండ్లి పిలుపు, ఈ వరుస మన అమ్మలకు తెలియనిది కాదు.

కటకముల విషయమున ఇంకొక మెలికయు కలదు. చిత్రము బాగుగా రానప్పుడు తప్పు చేతిదా, వెలుతురుదా, తొందరదా యని విచారించుట కష్టము, కటకముదనుట సులభము. క్రొత్తది కొన్ననాడు ఏదో నేర్చినట్లే యుండును. నెల తిరుగునప్పటికి ఆ ఉత్సాహము చల్లారును, చిత్రములు మునుపటివలెనే యుండును, చూపు మరల అంగడివైపు తిరుగును. ఫోనులో రేయింబవళ్లు కటకముల పోలికలు వినిపించువారు అందుకు తోడు. పోలికలు వినుటకు పట్టిన గంటలలో సగము చిత్రములు తీయుటకు వెచ్చించినచో మా అభ్యంతరము చాలవరకు తగ్గును.

అంతమాత్రమున రెండవ కటకము ఎప్పుడును కూడదని మేమనము. మన జిల్లాలో భేట్నోయి, బాలిపదర ప్రాంతపు పొలములలో కృష్ణజింకలు తిరుగును. అవి పంటకు శుభమని నమ్మి అచ్చటి రైతులు తరతరములుగా వానిని కాపాడుచున్నారు. వానిని బెదరించక తీయుటకు 300 మిల్లీమీటర్లకు తక్కువగాని కటకము నిజముగా కావలెను. నడిచి దగ్గరకు పోవుట అచ్చట తగదు. ఋషికుల్యా ముఖద్వారమున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెట్టుట చూడబోవువారికి మాత్రము ఏ కటకమును ముఖ్యము కాదు, వెలుగు వేయకుండుట ముఖ్యము. పొదిగిన పిల్లలు సముద్రముపైనున్న వెలుతురును బట్టి దారి తెలిసికొనును. మన దీపము వానిని దారి తప్పించును.

పెండ్లి చిత్రములు తీసి బ్రతుకు యువకుని సంగతి వేరు. కల్యాణమంటపపు మసక వెలుతురులో పెద్ద ద్వారపు కటకము అతనికి నాగలి వంటిది. అయినను అప్పుచేసి కొనుటకు ముందు ఒక కాగితముపై లెక్క వ్రాసికొనవలెను: అద్దెకు రోజునకెంత, కొన్నచో నెలకు వాయిదా యెంత, ఏటికి తనకు వచ్చు ముహూర్తములెన్ని. ఆషాఢమునను, మూఢమునను పెండ్లిండ్లుండవు, వాయిదా మాత్రముండును. ఈ లెక్క వేయకయే సంచి నింపుకొని, కడకు కెమెరాతో సహా సగము ధరకు అమ్ముకొన్న పూర్వవిద్యార్థులను మేమెరుగుదుము.

మన ఊరి గాలియు ఈ కోరికకు అనుకూలమైనది కాదు. సముద్రము దగ్గర, వానకాలమున బట్టలే ఆరవు. వాడక బీరువాలో, అందునను తోలు సంచిలో, పెట్టిన కటకమునకు లోపల బూజు పట్టును. మొదట సాలెగూటి దారము వలె సన్నగా కనబడి, క్రమముగా గాజుపైనున్న పూతను తినివేయును. తరచు వాడి, వెలుతురు, గాలి తగులుచున్నదానికి ఈ బెడద తక్కువ. ఎక్కువ కటకములున్న యింట ఎక్కువగా చెడునవి వాడనివే. మూత గట్టిగా పట్టు డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచుట మంచిది. నీలిరంగు రకమైనచో తేమ పీల్చి గులాబిరంగునకు మారినప్పుడు ఎండబెట్టి మరల వాడవచ్చును.

డబ్బు మాట యింతటితో నుండనిండు. మమ్ము ఎక్కువగా బాధించునది వేరొకటి. బరంపురము పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ పట్టు నేసిన ఇండ్లలో అనేకములు తెలుగు మాటాడు దేవాంగులవి. గుంటమగ్గము, పడుగు, పేక, నాడె, కండె, అచ్చు, ఆసు, ఈ మాటలు మన పిల్లల తాతలకు చేతిలోనివి. మగ్గములు ఒక్కొక్కటిగా మూతపడుచున్నవి. ఆ మాటలు తెలిసినవారును తరుగుచున్నారు. నాలుగు కటకముల పేర్లు, ధరలు కంఠతా చెప్పు పిల్లవానిని "మీ తాతగారు అంచున కుంభము వేయునప్పుడు చేయి యెట్లు ఆడునో ఒక చిత్రము తీసితివా?" యని అడిగినచో "మంచి మాక్రో లెన్సు కొన్నాక తీస్తానండి" అనుచున్నాడు. తాత కటకముకొరకు ఆగునా? పెట్టెలో వచ్చిన ఆ 18–55తోనే, కిటికీ ప్రక్క మగ్గమును ఉదయపు వెలుతురులో తీయవచ్చును. చిత్రము క్రింద ఆ పనిముట్టు పేరు తెలుగులో వ్రాసి, తేది వేసి యుంచినచో, అది మన పాఠశాల గ్రంథాలయమున ఉంచదగినది. ఈ సంవత్సరము ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు వేసవి పనిగా దీనినే యిచ్చుచున్నాము. ఫోనుతో తీసినను అంగీకరింతుము.

ఇంట ఈ తగవున్న తలిదండ్రులు కెమెరాను లాగికొనక, పిల్లవానిచేతనే ఒక పరీక్ష చేయింపవలెను. కెమెరాతో తీసిన ప్రతి చిత్రమునందును ఏ నాభ్యంతరమున తీసినదో నమోదై యుండును. గడచిన ఏడాది చిత్రములు తెరచి, తనకు నచ్చిన నూరింటిని ఏరి, వాని అంకెలు గళ్ల కాగితముపై గుర్తింపుమనుడు. ఏ అంకె దగ్గర చుక్కలు గుంపుగా పడునో అదియే వాని నిజమైన కటకము. తరువాత ఆ అంకె వద్ద కటకపు చుట్టు కాగితపు పట్టీ అంటించి, నెలరోజులు కదపకుండ తీయింపుడు. అప్పటికిని ఫలానా పని ఫలానా కారణమున కాలేదని వాడు చిత్రము చూపి చెప్పగలిగినచో, ముందు అద్దెకో ఎరువుకో తెచ్చియిచ్చి చూడుడు. ఆపైన కొనుటకు సందేహింపనక్కరలేదు. పాతది మంచిస్థితిలో దొరికినచో అదియే మేలు. కొనునప్పుడు దీపమునకెదురుగా పట్టి లోపల బూజు లేదని చూచుకొనవలెను.

ఇప్పటికే బీరువాలలో బూజుపట్టి, అమ్ముటకును పనికిరాని పాత కటకములు ఎవరియింటనైన నున్నచో మా భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఇప్పించగోరెదము. ద్వారమును చేతితో త్రిప్పు పాతకాలపువి మరింత మంచివి. పదవ తరగతి పిల్లలు వానిని కిటికీకెదురుగా పట్టి, తెల్లకాగితముపై ఎదుటి వేపచెట్టును తలక్రిందులుగా నిలిపి, మీటరు బద్దతో నాభ్యంతరము కొలుతురు. గాజులు పలు వరుసలుగా నుండుటచే ఎచ్చటనుండి కొలువవలెనను తగవు తప్పక వచ్చును. ఆ తగవు తీర్చుటకు ఒక పూట తరగతి కేటాయించితిమి.