కొత్త ట్రాక్టర్: మొదటి 50 గంటలు

జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కార్ఖానా ఉంది. ఆ కంపెనీ 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో విడుదల చేసిన ‘ఓజా’ చిన్న ట్రాక్టర్లు తయారయ్యేది అక్కడే. 20 నుంచి 40 హెచ్‌పీ లోపు బండ్లు, మూడు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, ఫోర్ వీల్ డ్రైవ్. మామిడి, జామ చెట్ల వరసల మధ్య సులువుగా తిరుగుతాయి. వారమంతా మాదాపూర్, గచ్చిబౌలి, కోకాపేట ఆఫీసుల్లో పనిచేసి, శని ఆదివారాలు శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు పొలానికి వెళ్లేవాళ్లకు ఇలాంటి బండే సరిపోతుంది. స్వరాజ్ అయినా, కుబోటా అయినా, జాన్ డీర్ అయినా కొత్త డీజిల్ ఇంజిన్‌ను పనికి అలవాటు చేసే పద్ధతి దాదాపు ఒక్కటే. చాలామంది కొత్త బండి మీద ప్రేమకొద్దీ దాన్ని ఖాళీగా, మెల్లగా తిప్పుతూ ఉంటారు. డీజిల్ ఇంజిన్‌కు ఆ ప్రేమ పనికిరాదు.

ఎందుకంటే, సిలిండర్ గోడ అద్దంలా నున్నగా ఉండదు. కార్ఖానాలో దాని మీద సన్నటి అడ్డగీతలు కావాలనే గీస్తారు. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. పిస్టన్ రింగు అంచు ఆ గీతల మీద కొద్దికొద్దిగా అరిగి గోడకు సరిగ్గా అతకాలి. రింగును గోడకు అదిమేది దాని సొంత బిగువు ఒక్కటే కాదు. డీజిల్ మండినప్పుడు పుట్టే గ్యాసు రింగు వెనక్కి చేరి దాన్ని బయటికి నెడుతుంది. లోడ్ లేకపోతే డీజిల్ తక్కువ మండుతుంది, ఒత్తిడి చాలదు, రింగు గోడను గట్టిగా పట్టదు. గోడ మీద మిగిలిన ఆయిల్ మాడి, పెనం మీద పాత నూనె జిడ్డు కట్టినట్టు గట్టిపడి గీతలను పూడ్చేస్తుంది. మెకానిక్‌లు దీన్నే గ్లేజింగ్ అంటారు. ఆ తర్వాత ఆయిల్ తరుగుతూ ఉంటుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. పొర బాగా ముదిరితే ఇంజిన్ విప్పి గోడను మళ్లీ గీయించడం తప్ప దారి ఉండదు. మొదటి రోజునుంచే శక్తికి మించిన లోడ్ వేసినా నష్టమే. రింగు మీదా గోడ మీదా ఇంకా అరగని మిట్టలు ఒకదానికొకటి రాసుకుని, వేడెక్కి గీరుకుపోతాయి. అంచేత లోడ్ ఉండాలి, మితంగా ఉండాలి.

బండిని షోరూం నుంచి డీసీఎం వ్యానులో తెప్పించుకోవడం మేలు. తారు రోడ్డు మీద టాప్ గేరులో, ఒకే వేగంతో గంటల తరబడి నడిపించుకు రావడం కొత్త ఇంజిన్‌కు మంచిది కాదు. దించాక చదునైన చోట నిలిపి ఇంజిన్ ఆయిల్, కూలెంట్, హైడ్రాలిక్ ఆయిల్ చూడండి. టైర్లలో గాలి కూడా కొలవండి, రవాణా కోసం ఎక్కువ గాలి పెట్టి పంపే అలవాటుంది. అవర్ మీటర్‌లో ఎంతుందో రాసి పెట్టుకోండి.

స్టార్ట్ చేయగానే యాక్సిలరేటర్ తొక్కకండి. ఒకటి రెండు నిమిషాలు తక్కువ ఆర్‌పీఎంలో ఉంచితే ఆయిల్ పైదాకా చేరుతుంది. తర్వాత కొంచెం పెంచి, ఇంజిన్ కాస్త వేడెక్కాక పనిలోకి దించండి. చెట్టు కింద ఫోన్ మాట్లాడుతూ బండిని ఖాళీగా ఆడనివ్వద్దు. ఆపేసి మాట్లాడండి.

మొదటి 10 గంటలకు తేలిక పనులు చాలు. సగం ట్రాలీ పశువుల ఎరువు, గడ్డి కోత, ఎర్ర చెలకలో పైపైన కల్టివేటర్. ఆర్‌పీఎం ఒకేచోట నిలపకుండా పెంచుతూ తగ్గిస్తూ ఉండండి. 10 గంటలు కాగానే చక్రాల నట్లు, ఫ్యాన్ బెల్టు, గొట్టాల క్లిప్పులు తప్పకుండా చూడాలి. కొత్త బండికి నట్లు సర్దుకుని వదులవడం మామూలే.

అక్కణ్నుంచి 50 గంటల దాకా లోడ్ మెల్లగా పెంచాలి. వాన పడి నేల పదునుకు వచ్చినప్పటి చెలక దుక్కి ఇందుకు చక్కటి పని. ఎండి బిగుసుకున్న రేగడిలో లోతు దుక్కి ఇప్పుడే వద్దు. రోటవేటర్ తగిలిస్తే దాన్ని తిప్పే పీటీవో కోసం ఇంజిన్ వేగం ఒకేచోట ఉంచక తప్పదు. అప్పుడు లోతు, గేరు మారుస్తూ లోడ్‌లో తేడా తెప్పించండి. లోడ్ ఎక్కువైందా లేదా అని తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పని మధ్యలో యాక్సిలరేటర్ కొంచెం పెంచి చూడండి. ఆర్‌పీఎం లేస్తే ఇంజిన్‌లో ఇంకా శక్తి ఉన్నట్టు. లేవకుండా ముక్కుతూ నల్ల పొగ వదిలితే వెంటనే గేరు తగ్గించండి, లేదా పనిముట్టును కాస్త పైకి ఎత్తండి. పెద్ద గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో ముక్కుతూ లాగించడం బేరింగులకు అన్నిటికన్నా చెరుపు.

ఈ 50 గంటల్లో ఆయిల్ రోజూ పొద్దున, మధ్యాహ్నం రెండుసార్లు చూడాలి. రింగులు కుదురుకునేదాకా కాస్త తరగడం సహజం. కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే పోయండి. ఎవరో చెప్పారని డబ్బాల్లో దొరికే మందులు కలపకండి. రేడియేటర్ జాలీకి గడ్డి నూగు పడితే వేడి ముల్లు లేస్తుంది, దులిపాకే మళ్లీ పని. సాయంత్రం ట్యాంకు నింపేస్తే రాత్రి చల్లదనానికి లోపల తేమ పట్టదు. ఇది వారాంతపు బండికి మరీ ముఖ్యం, ఎందుకంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎక్కువగా కదలదు కదా. పని అయ్యాక ఒకటి రెండు నిమిషాలు ఖాళీగా ఆడనిచ్చి ఆపాలి. టర్బో ఉంటే ఇది తప్పనిసరి.

50 గంటలు నిండగానే మొదటి సర్వీసు. ఇంజిన్ వేడిగా ఉండగానే పాత ఆయిల్ దించమనండి. దించేటప్పుడు దగ్గరుండి, కాస్త చల్లారాక ఒక చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది ఎండలో చూడండి. వెండి పొడిలా మెరుపు కనిపిస్తే భయం లేదు, అది రింగులూ గోడలూ అరిగిన సన్నటి లోహం. గోటితో తీయగలిగే రవ్వలు కనిపిస్తే మాత్రం సర్వీసు వాళ్లకు అప్పుడే చూపించాలి. ఆయిల్‌తో పాటు ఫిల్టరూ మార్చాలి. హైడ్రాలిక్, ట్రాన్స్‌మిషన్ ఫిల్టర్లు కూడా ఇప్పుడే మార్చమనే బండ్లున్నాయి. పుస్తకం తెరిచి చూసుకోండి. నేను చెప్పినదానికీ పుస్తకానికీ తేడా వస్తే పుస్తకమే ప్రమాణం.

వారానికి 4 గంటలు నడిపేవాళ్లకు 50 గంటలు నిండటానికి మూడు నెలలు పడుతుంది. పుస్తకంలో గంటలతో పాటు నెలల గడువు కూడా రాసి ఉంటే, ఏది ముందొస్తే దాని ప్రకారమే సర్వీసు చేయించి వారంటీ కార్డు మీద ముద్ర వేయించుకోండి. మీరు ఊళ్లో లేనప్పుడు బండి నడిపే డ్రైవర్‌కు ఇదంతా ముందే చెప్పి పెట్టండి. పక్క పొలం వాళ్లు దుక్కికి బండి అడిగితే, మొదటి సర్వీసు అయ్యాక ఇస్తామని మొహమాటం లేకుండా చెప్పండి.