మౌస్ పిల్లల చేతిలోనే ఉండాలి: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మూడో తరగతికి వారానికి ఒకటే కంప్యూటర్ పీరియడ్. పిల్లలందరూ లాగిన్ అయ్యేసరికి బెల్లు కొట్టేస్తున్నారు. త్వరగా అయ్యే మార్గం ఉందా?

జవాబు: ఆలస్యానికి కారణం పిల్లల మందకొడితనం కాదు, కీబోర్డు. దాని మీద ఉండేవి పెద్ద ఎబిసిడిలు, చీటీ మీద పాస్‌వర్డ్ ఉండేది చిన్న ఎబిసిడిల్లో. ఇంకా రెంటికీ లంకె పూర్తిగా కుదరని వయసు అది. పైగా అక్షరాలు పలకమీద నేర్చిన వరుసలో ఉండవు. కొట్టిన ప్రతి అక్షరం తెరమీద చుక్కగా మారిపోతుంది కాబట్టి తప్పు ఎక్కడ పడిందో పిల్లవాడికి తెలియదు. వేలు తగిలి క్యాప్స్ లాక్ పడిందంటే ఆ పీరియడ్ అయిపోయినట్టే.

చీటీ మీద పాస్‌వర్డ్‌ను పెద్ద ఎబిసిడిల్లో రాసిస్తే సగం గొడవ తీరుతుంది. పిల్లవాడు కనిపించిన మీటే నొక్కుతాడు, లోపలికి మాత్రం చిన్న అక్షరమే వెళ్తుంది. పాస్‌వర్డ్ గడి పక్కన కన్ను బొమ్మ ఉంటే దాన్ని నొక్కడం మొదటిరోజే నేర్పాలి. ఇక మౌస్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కడం చిన్న వేళ్లకు కష్టం. రెండో నొక్కు పడేలోగా మౌస్ జరిగిపోతుంది, ఫోల్డర్ తెరుచుకోవడానికి బదులు పక్కకు ఈడ్చుకుపోతుంది. ఒక్కసారి నొక్కి ఎంటర్ కొట్టమంటే సరిపోతుంది. ఇక మిషన్లు ఆన్ చేసి సిద్ధంగా ఉంచే పని బెల్లుకు ముందే అయిదో తరగతి పిల్లలకు అప్పగించవచ్చు. వాళ్లకు అది పెద్ద హోదా.

ప్రశ్న: నలభై మంది పిల్లలు. ఒక్కొక్కరికీ చెబుతూ కూర్చుంటే పాఠం సాగదు. మౌస్ తీసుకుని చకచకా చేసిపెట్టడం తప్పా?

జవాబు: తప్పే. చిన్న తరగతుల్లో కంప్యూటర్లు, ట్యాబులు పెట్టేటప్పుడు పెద్దవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం మౌస్ లాక్కోకూడదన్నదే. అయినా ఎక్కువమంది పాటించనిదీ ఇదే. పెద్ద చెయ్యి మౌస్ మీద పడగానే పిల్లవాడికి కనిపించేది బాణం గుర్తు రివ్వున ఎటో పోవడం, ఏదో తెరుచుకోవడం మాత్రమే. చెయ్యి ఏం చేసిందో కనపడదు. మళ్లీ అక్కడే ఆగిపోతాడు, మళ్లీ ‘టీచర్!’ అని పిలుస్తాడు. నలభై మందికీ ఒక్కోసారి చేసిపెట్టిన టీచరు వచ్చేవారం ఆ నలభై మందికీ మళ్లీ చేసిపెట్టాల్సిందే.

సాయం నోటితో చేయాలి, చేతులు వెనక్కి కట్టుకోవాలి. చెప్పే మాట కూడా పిల్లలకు అందేలా ఉండాలి. ‘మెనూలోకి వెళ్లి సేవ్ కొట్టు’ అంటే ఏడేళ్ల పిల్లకు ఏమీ బోధపడదు. ‘తెర పైన మూలకు చూడు, కిటికీ వైపున్న మూల, అక్కడ ఏ బొమ్మ ఉంది?’ అంటే వెతుకుతుంది. కుడి ఎడమలు తడబడే వయసులో కిటికీ, నల్లబల్ల, తలుపు నమ్మకమైన దిక్కులు. అడిగాక కాసేపు ఊరుకోవడం మరీ ముఖ్యం. జవాబు రాలేదని వెంటనే రెండో ప్రశ్న వేస్తే మొదటిది కూడా పోతుంది.

ఇద్దరికి ఒక మిషన్ ఉండటం లోటు కాదు. ఒకరు మౌస్ పట్టుకుంటారు, రెండోవారు తెరమీదున్నది చదివి ఏం చేయాలో చెబుతారు. సగం పీరియడ్ కాగానే మారాలి. మారమని టీచరు గట్టిగా చెప్పకపోతే ధీమా ఉన్నవాడి చెయ్యి మౌస్ వదలదు. చాలా ఇళ్లలో ఫోను ముందుగా మగపిల్లవాడి చేతికే వెళ్తుంది కనుక చాలా తరగతుల్లో ఆ చెయ్యి వాడిదే.

1999లో పరిశోధకుడు సుగతా మిత్రా ఢిల్లీ కాల్కాజీలో గోడకు కంప్యూటర్ బిగించినప్పుడు చుట్టుపక్కల పిల్లలు ఒకరిని చూసి ఒకరు వాడకం నేర్చేసుకున్నారు. దీన్నిబట్టి టీచరే అక్కర్లేదని అనుకున్నవారున్నారు. పిల్లలు మిషన్ వాడటం నేర్చుకోవడం వేరు, దానితో లెక్కలు, చదువు నేర్చుకోవడం వేరు. పెరూ దేశం పల్లె బడుల్లో పిల్లలకు లాప్‌టాప్‌లు పంచింది. ఆ పథకంపై 2012లో వెలువడిన అధ్యయనం గణితంలోనూ భాషలోనూ మెరుగుదల కనబడలేదని తేల్చింది. వస్తువు చేరింది, దానితో ఏ పాఠం ఎలా చెప్పాలన్నది చేరలేదు.

ప్రశ్న: ట్యాబులు పగిలిపోతాయని హెచ్చెమ్ గారు బీరువాలో పెట్టి తాళం వేశారు.

జవాబు: బీరువాలో ఉన్న ట్యాబు పగలదు, నెలల తరబడి చార్జింగ్ లేక బ్యాటరీ చచ్చిపోతుంది.

ప్రశ్న: స్మార్ట్ టీవీలో పాఠం పెడితే పిల్లలు కిక్కురుమనకుండా చూస్తారు. తర్వాత అడిగితే ఒక్కరూ చెప్పరు.

జవాబు: ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పథకం కింద ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు వచ్చాక ఈ మాట తరచూ వినబడుతోంది. కిక్కురుమనకపోవడాన్ని శ్రద్ధ అనుకోవడంలోనే ఉంది పొరపాటు. సినిమా కూడా అలాగే చూస్తారు. రిమోట్‌లో టీచరుకు పనికొచ్చే మీట పాజ్. రెండు మూడు నిమిషాలకోసారి ఆపి ‘ఇప్పుడేమవుతుంది?’ అని అడగాలి. రెండోసారి వేసేటప్పుడు సౌండ్ తీసేసి మాటలు పిల్లల చేతే చెప్పించాలి. విత్తనం మొలకెత్తే వీడియోకు మూడో తరగతి పిల్లలు చెప్పే వ్యాఖ్యానం వింటే ఎవరికి ఎంత అర్థమైందో వేరే పరీక్ష లేకుండానే తెలుస్తుంది.

ప్రశ్న: ఐఎఫ్‌పీ (తాకితే పనిచేసే పెద్ద తెర) మీద పిల్లలు రాస్తుంటే ఎక్కడెక్కడో గీతలు పడుతున్నాయి. ప్యానెల్ పాడైందా?

జవాబు: బహుశా కాదు. ఎక్కువ ప్యానెళ్లలో స్పర్శను కనిపెట్టేది చట్రం అంచుల్లోంచి వచ్చే, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు. వాటికి ఏది అడ్డొచ్చినా ప్యానెల్ వేలే అనుకుంటుంది. ఆనుకున్న అరచెయ్యి, వేలాడే చొక్కా చెయ్యి, టీచరు చీర కొంగు అన్నీ గీతలు గీస్తాయి. పక్కనే సుద్దముక్కతో రాసే నల్లబల్ల ఉంటే ఆ సుద్దపొడి చట్రం అంచుల్లో పేరుకుంటుంది, తడిలేని మెత్తటి గుడ్డతో తుడవాలి. ఉన్నత పాఠశాల ప్యానెల్‌ను వాడే చిన్న తరగతులకు ఇంకో చిక్కుంది. ప్యానెల్ పెద్ద పిల్లల ఎత్తుకు బిగించి ఉంటుంది. జవాబు గడులను తెర కింది సగంలో పెట్టకపోతే పొట్టి పిల్లలు ఎగిరి కొడతారు, లేదా జవాబు తెలిసీ చెయ్యెత్తరు.

ప్రశ్న: తెలుగు టైపింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

జవాబు: గుణింతాలు, వత్తులు చేత్తో బాగా కుదిరాకే. తెలుగు అక్షరాల కీబోర్డులో ‘అమ్మ’ కొట్టాలంటే అ, మ, పొల్లు, మళ్లీ మ నొక్కాలి. కాగితం మీద పిల్ల రాసే తీరు అది కాదు. నాలుగో తరగతికి ముందు తొందర అనవసరం.

ప్రశ్న: రోజుకు ఎంతసేపు?

జవాబు: బళ్లు మూతపడ్డ 2020లో కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలే 1 నుంచి 8 తరగతులకు 30-45 నిమిషాల ఆన్‌లైన్ క్లాసులు రోజుకు రెండు మించకూడదన్నాయి. టీచరు ఎదురుగా ఉండగా అంత కూడా దేనికి?

ప్రశ్న: నెట్ రాని ఊరు. టీచరు ఫోను హాట్‌స్పాటే దిక్కు.

జవాబు: పిల్లల ముందు నెట్ వెతకకూడదు. దీక్షా యాప్‌లో పాఠాలు, స్టోరీవీవర్‌లో తెలుగు కథల పుస్తకాలు ముందే దించుకోవచ్చు. ఇంటి దగ్గర దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఒక్క వీడియో, క్లాసులో గిర్రున తిరుగుతూ ఉండిపోయే పదింటికన్నా మేలు. కరెంటు పోతే అదే పాఠం నల్లబల్ల మీద చెప్పేందుకు రెండు బొమ్మలు కూడా సిద్ధంగా ఉంచుకోవాలి.

ప్రశ్న: కొత్త యాప్ పిల్లల పేరు, పుట్టినతేదీ, ఫొటో అడుగుతోంది. ఇవ్వచ్చా?

జవాబు: 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసింది. ఆ అనుమతి ఇచ్చేది టీచరు కాదు. ఫొటో లేకుండా, రోల్ నంబరుతో నడిచే యాప్ దొరికితే అదే వాడాలి. దొరక్కపోతే తల్లిదండ్రుల సమావేశంలో ఆ యాప్ తెరిచి, ఏమేం అడుగుతోందో చూపించి, వాళ్లు సరేనన్నాకే మొదలుపెట్టాలి.