ముసురులో పశువుల పాక పని: ఒంటి మీద ఏముండాలి?



ముసురు పట్టిన రోజున మన పల్లెల్లో ఒక సంగతి గమనించండి. పాలిచ్చే గేదె వీపు మీద గోనెపట్టా కప్పుతారు. దూడ పడుకునే చోట పొడిగడ్డి పరుస్తారు. మంచిదే. ఆ పట్టా కప్పిన ఇల్లాలు మాత్రం మోకాళ్ళదాకా తడిసిన నూలు చీరతో, చెప్పుల్లేని కాళ్ళతో, పేడనీళ్ళలో నిలబడి ఉంటుంది. ఇంట్లో ఒక జత రబ్బరు బూట్లు ఉంటే అవి పొలం వెళ్ళే మగవారివి. పాకలో రెండు పూటలా పనిచేసేది ఎవరో, బూట్లు ఎవరి కాళ్ళకున్నాయో ఈ వారం మీ ఇంట్లో ఒకసారి చూడండి.

చలి అనగానే మనకు ఆదిలాబాదు, లంబసింగి గుర్తుకు వస్తాయి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. కాని కోస్తాలో తుఫాను గాలి వీచేటప్పుడు 20 డిగ్రీలకు పైన ఉన్నా పళ్ళు టకటక కొట్టుకుంటాయి. దానికి కారణం తడి. ఒంటి వేడిని గాలి కంటే నీరు 20 రెట్లకు పైగా వేగంగా లాగేస్తుంది. నూలు బట్ట నీటిని పీల్చుకుని ఒంటికి అతుక్కుపోతుంది. తడిసిన నూలు బట్ట మీద ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా చలి తగ్గదు. ముందు ఆ తడిబట్ట విప్పాలి.

ఉన్ని అలా కాదు. కొంత తడిసినా దాని పోగుల మధ్య గాలి నిలిచి వెచ్చదనం మిగులుతుంది. తెలంగాణలో కురుమలు నేసే గొంగడికి చింతగింజల గంజి పట్టిస్తారు. అందువల్ల అది గట్టిపడి, చిన్నపాటి వాన లోపలికి దిగదు. తలమీద ముసుగులా వేసుకుంటే చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. పాతకాలపు వస్తువని దానిని మూల పడేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి, అది వేరే సంగతి. గొంగడి లేనివారు యూరియా సంచి ఒక మూలను రెండో మూలలోకి నెట్టి తలకు తొడుక్కోవచ్చు. సంచిని ముందుగా బాగా కడగాలి. జనపనార గోనె కంటే ఇదే మేలు. గోనె నాని బరువెక్కుతుంది.

ఇక్కడ చాలామంది మరచిపోయే విషయం ఒకటుంది. ప్లాస్టిక్ కోటు వాననే కాదు, చెమటను కూడా ఆపేస్తుంది. పేడ తట్టలు మోసేటప్పుడు కోటు లోపల చొక్కా చెమటతో తడుస్తుంది. ఆ వెంటనే పాలు పితకడానికి కదలకుండా కూర్చుంటాం. చలి పట్టుకునేది ఆ కూర్చున్న వేళలోనే. కాబట్టి పేడ ఎత్తేటప్పుడు పలుచని బట్టలే వేసుకోండి, స్వెట్టరును పొడిగా పాక దూలానికి తగిలించి ఉంచండి. బరువు పని అయ్యాక ఒళ్ళు తుడుచుకుని, లోపలి చొక్కానో జాకెట్టునో మార్చుకుని, అప్పుడు స్వెట్టరు తొడుక్కుని గేదె దగ్గర కూర్చోండి. శీతాకాలంలో రోడ్ల పక్కన అమ్మే చవక స్వెట్టర్లు ఈ పనికి సరిపోతాయి. అయితే అవి ఎక్కువగా కృత్రిమ నూలుతో చేసినవి. దోమలకు పొగ పెట్టే కుంపటి దగ్గరకు వాటితో వెళ్ళవద్దు. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి.

గడ్డి కోసే యంత్రం ఉన్న ఇళ్ళవారికి ఇంకొక మాట. పైటచెంగు నడుములో దోపుకోవాలి. మఫ్లరు, శాలువ తీసి పక్కన పెట్టాలి. తడి చేతులతో మోటారు స్విచ్చి ముట్టకూడదు.

ఇక కాళ్ళు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రోజుల తరబడి నానిన వేళ్ళ సందులు తెల్లబడి పగులుతాయి. ఆ పగుళ్ళగుండా దూరే సూక్ష్మక్రిములలో లెప్టోస్పైరా ఒకటి. ఇది ఎలుకల మూత్రంలోను, పశువుల మూత్రంలోను ఉంటుంది, నిలవనీటిలో, బురదలో చాలా రోజులు బతుకుతుంది. తవుడు ఉన్న పాకలో ఎలుకలు లేకుండా ఉంటాయా? దీనివల్ల వచ్చేదే ఎలుక జ్వరం. సాధారణంగా తడిలో తిరిగిన వారం, పదిరోజులకు హఠాత్తుగా జ్వరం, తలనొప్పి వస్తాయి. పిక్కలు నొక్కితే ఓర్వలేనంత నొప్పి, కళ్ళు ఎర్రబడడం కనిపిస్తాయి. కొందరికి కామెర్లు వచ్చి మూత్రపిండాలు దెబ్బతింటాయి. కామెర్లు అనగానే పసరు మందుకు పరుగెత్తే అలవాటు మనలో ఉంది. ఈ జ్వరంలో ఆ ఆలస్యం ప్రాణం తీయగలదు. తొలి రోజుల్లోనే డాక్టరు వద్దకు వెళితే మామూలు యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది. డాక్టరుతో “జ్వరం” అని ఊరుకోకుండా “పశువుల పాకలో తడిలో పనిచేస్తాను” అని చెప్పండి. ఆయన ఆ వైపు ఆలోచించడానికి ఆ ఒక్క మాట దారి చూపుతుంది.

పిక్కలదాకా వచ్చే రబ్బరు బూట్లు దీనికి మంచి రక్షణ. గడ్డివామి దగ్గర పాముకాటు నుండి కూడా కొంతవరకు కాపాడతాయి. మేజోడు పట్టేలా కొంచెం వదులుగా ఉన్నవి తీసుకోండి. బిగుతుగా ఉంటే రక్తం సరిగా ఆడక వేళ్ళు మొద్దుబారతాయి. పని కాగానే సబ్బుతో కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడవాలి. ఆదివారం తొలి పూజకు ఆలస్యమవుతుందని తడికాళ్ళతోనే చెప్పులు తొడుక్కుని పరుగెత్తేవారు ఎందరో! పుండు ఉంటే అది మానేదాకా పాక పని ఇంట్లో మరొకరు అందుకోవాలి. కొడుకులైనా సరే.

బూట్లను కడిగి, కర్రగుంజలకు తలకిందులుగా తగిలించండి. పొద్దున తొడుక్కునే ముందు రెండు బూట్లనూ గట్టిగా నేలకు తట్టి దులపండి. వెచ్చగా, చీకటిగా ఉండే చోటు తేళ్ళకు కూడా ఇష్టమే.